నిజమైన తీరములు, కల్పితమైన దయ్యములు

దయ్యపు కథకు మొదట కావలసినది దయ్యము కాదు, చోటు. "ఒకానొక ఊరిలో ఒక దయ్యముండెను" అని మొదలిడినచో పిల్లలు నవ్వుదురు. "మన చెరువుకట్ట మీద, తూము ప్రక్కనున్న చింతచెట్టు" అని మొదలిడినచో నవ్వు మాని దగ్గరకు జరుగుదురు. చెట్టు నిజము, తూము నిజము. రేపు ప్రొద్దున ఆ దారినే బడికి పోవలెను. కావున దయ్యమును గూడ కొంతసేపు నిజమని నమ్ముటకు మనస్సు ఒప్పుకొనును. కథకును, అది జరిగిన చోటునకును గల ఈ సంబంధమును గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

ఇప్పుడు దయ్యపు కథలు అవ్వల నోటనే గాక కంప్యూటరు తెరమీదను ఆటలుగ వెలయుచున్నవి. పరుగులు, తుపాకులు గల ఆటలు వేరు. సాహసాన్వేషణపు ఆటలు మరియొక జాతి. వానియందు ఆడువాడు తెరమీది ఊరిలో నెమ్మదిగా నడచును, కనబడినవారిని ప్రశ్నించును, తాళపుచెవియో, పాత ఉత్తరమో దొరికినచో దాచుకొనును, ఒక చిక్కు విడదీసిన గాని తరువాతి తలుపు తెరచుకొనదు. చందమామలో భేతాళకథలు చదివిన ఇండ్లకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. విక్రమార్కుడు అర్ధరాత్రి శ్మశానములో నడచుటయు, శవములోని భేతాళుడు వేసిన చిక్కుప్రశ్నకు జవాబు వెదకుటయు ఇట్టి ఆటయే గదా!

2008లో ఇంగ్లండున వెలువడిన 'ది లాస్ట్ క్రౌన్' ఈ జాతి ఆటలలో పేరుగన్నది. 'పోయిన కిరీటము' అని దాని అర్థము. 'దయ్యముల వేట సాహసము' అని దాని ఉపశీర్షిక. రచించినవాడు జోనథన్ బోక్స్. లండను విడిచి పారిపోయి వచ్చిన యువకుడొకడు సముద్రపుటొడ్డున శాక్స్టన్ అను చిన్న ఊరిలో రైలు దిగును. చీకటిలో చూడగల కెమెరా, శబ్దములు పట్టు యంత్రము మొదలగు పరికరములతో దయ్యపు జాడలు వెదకును. శాక్స్టన్ అను ఆ ఊరు ఏ పటములోను లేదు. కాని తెరమీద కనబడు రేవు, రాతియిండ్లు, ఇరుకు సందులు చాలవరకు కార్న్‌వాల్ సీమలోని పోల్పెరో అను బెస్తవారి ఊరివి. నిజమైన ఛాయాచిత్రములు తీసి, వానిని నలుపు తెలుపులకు మార్చి, అక్కడక్కడ ఒక రంగును మాత్రము మిగిల్చి, ఆటకు రంగస్థలముగ అమర్చిరి. అంతటితో ఆగక, దేశమునకు నైరుతి మూలనున్న ఆ రేవును కథలో తూర్పుతీరపు చిత్తడినేలలకు తెచ్చిపెట్టిరి. రూపము ఒక చోటిది, నేల మరియొక చోటిది, పేరు ఏ చోటిదియు కాదు.

తూర్పుతీరమునకే ఏల తేవలెను? ఆ తీరమునకు అప్పటికే ఒక కథ కలదు. ఎమ్. ఆర్. జేమ్స్ అను పండితుడు 'కుతూహలురకు హెచ్చరిక' అను అర్థము గల కథనొకదానిని 1925లో ప్రకటించెను. పూర్వపు రాజులు పరాయిసేనలు ఒడ్డెక్కకుండ కాపుగా ఆ తీరమున మూడు కిరీటములు పాతిపెట్టిరట. ఒకదానిని ఎవరో త్రవ్వి కరగించిరి. ఒకటి సముద్రము పాలయ్యెను. మిగిలినదానిని ఒక యువకుడు త్రవ్వి తీయును. తీసినది మొదలు ఎవరో తన వెంట నడచుచున్నట్లు అతనికి తోచును. భయపడి, కిరీటమును మరల పాతిపెట్టును. అయినను ప్రాణము దక్కదు. ఆ కథలోని ఊరి పేరు కల్పితము. ఊరు మాత్రము జేమ్స్ చిన్ననాటినుండి ఎరిగిన ఆల్డ్‌బరో. దానికి కొంత ఉత్తరముగ డనిచ్ అను మరియొక ఊరు కలదు. మధ్యయుగములలో అది గొప్ప రేవుపట్టణము. 1286 నాటి తుఫాను మొదలు ఒడ్డు కొంత కొంతగ కోసుకొనిపోయి, వీధులకు వీధులు కడలిలో కలిసెను. అచ్చటి పాత చర్చి గోపురములో మిగిలిన భాగము 1919లో పడిపోయెను. గాలి వీచిన రాత్రులందు నీటి క్రింద గంటలు మ్రోగునని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు.

సముద్రతీరము ఇట్టి కథలకు ఏల ఇంత అనువైనది? మూడు కారణములు మాకు కనబడుచున్నవి. మొదటిది, తీరము నిలకడ లేనిది. తాత మ్రొక్కిన గుడి మనుమనికి కనబడకపోవచ్చును. పొలము ఇసుక కావచ్చును, ఇసుక నీరు కావచ్చును. రెండవది, కడలి పాలైనవారిలో పలువురకు సమాధి లేదు, పేరు లేదు. కర్మ జరుగని చావు దయ్యమగునను నమ్మకము మన పల్లెలలోను వినబడునదే. మూడవ కారణము ఆట కట్టువారికి సంబంధించినది. ఆడువాడు నాలుగు దిక్కులకును పోగోరును. ఊరికి ఎక్కడనో ఒక హద్దు పెట్టక తప్పదు. ఊరకే గోడ నిలిపినచో అది కృత్రిమమని వెంటనే తెలిసిపోవును. సముద్రమే హద్దయినచో ఎవ్వరును ప్రశ్నింపరు. పోటు వచ్చినపుడు దారి మూతపడును. ఆటు వచ్చినపుడు నిన్నటివరకు లేని దారి బయటపడును. ఆటకు కావలసిన తలుపును, తాళమును ప్రకృతియే సిద్ధము చేసియుంచినది.

అట్టి తీరములు మనకును కలవు. మోటుపల్లిని చూడుడు. 1244లో కాకతి గణపతిదేవుడు అచ్చట అభయశాసనము వేయించెను. అంతకు పూర్వము తుఫానులో చిక్కి ఒడ్డునబడిన ఓడల సరకును రాజులు లాగుకొనుచుండిరి. ఇకమీదట నిర్ణయించిన సుంకము మాత్రమే పుచ్చుకొని తక్కినది వర్తకులకే విడిచిపెట్టుదుమని ఆ శాసనము అభయమిచ్చినది. ఓడ పగిలినవాని సొత్తు ఎవరికి చెందవలెనను ప్రశ్నకు రాతిమీద చెక్కిన జవాబు అది. నేడచ్చట ఆ రేవు లేదు. పగిలిన ఓడలోని వర్తకుడు తన సరకు లెక్క తేలక ఇసుకదిబ్బలపై తిరుగుచున్నాడని కథ కట్టినచో, ఆ చిక్కును విప్పు తాళపుచెవి శాసనములోనే దొరకును.

గోదావరి ముఖమున నున్న కోరంగి మరియొకటి. ఓడలు కట్టిన రేవది. 1789 డిసెంబరులోను, మరల 1839 నవంబరులోను ఉప్పెనలు వచ్చి దానిని ఊడ్చివేసినవి. 'సైక్లోన్' అను మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన వ్రాతలలో ఈ కోరంగి ఉప్పెనను పేర్కొనెను. ఆ రేవు పేరుమీదనే బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచిరి. రేవు చెడినది, పేరు మాత్రము పరదేశమున మిగిలినది. బందరులో 1864 నవంబరు 1వ తేది నాటి ఉప్పెనకు సుమారు ముప్పదివేలమంది మరణించిరని లెక్క. బందరుకోటలోను, భీమునిపట్నములోను డచ్చివారి సమాధులు ఈనాటికిని చూడవచ్చును. బందరు సెయింట్ మేరీ చర్చి 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అను యువతి జ్ఞాపకార్థమై వెలసినది. ఆమెను వలచిన సైనికాధికారి పేటరు ఆమె దేహము చెడకుండ భద్రపరచి, పలుమార్లు వచ్చి చూచుకొనుచుండెనని ఊరివారి కథ.

ఒక హద్దు గూడ ఇక్కడనే చెప్పవలెను. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పదివేలకు పైబడిన ప్రాణములు గొన్నది. ఆ రాత్రి తల్లిని, బిడ్డను పోగొట్టుకొన్నవారు నేటికిని మన నడుమ నున్నారు. ఆ చోటును దయ్యముల వేటకు రంగస్థలము చేయుట మాకు సమ్మతము కాదు. రెండువందల ఏండ్లనాటి చావు కథగ మారవచ్చును. కండ్లలో తడి ఆరని చావును వేటాడుట వినోదము కానేరదు.

కడలి మాట అటుండగా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు ఇండ్లలో వినుచున్నవారు, "మాకు సముద్రమెక్కడిది?" అని అడుగవచ్చును. సముద్రము లేదు గాని తీరము కలదు. నెల్లూరు జిల్లాలో ఊటుకూరు వద్ద కడలిని చేరు పెన్నయే అంతకు ముందు గండికోట కొండలను చీల్చుకొని, జమ్మలమడుగును, ప్రొద్దుటూరును ఒరసికొని పోవుచున్నది. కడలితీరమునకు చెప్పిన మూడు లక్షణములును ఈ నదీతీరమునకు చెల్లును. గండికోటనే తీసికొందము. ఒకవైపు నిలువుగ తెగిన ఎఱ్ఱని కొండచరియలు, క్రింద పెన్న. మిగిలిన వైపుల కోటగోడ. ఆట కట్టువారికి వేరుగ హద్దు గీయవలసిన పనియే లేదు. లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథాలయము, జుమ్మా మసీదు, ధాన్యాగారము, కారాగారము, పావురాల గోపురము ఒకదానికొకటి నడకదూరములో నున్నవి. యుద్ధములో నెత్తురంటిన కత్తులను కడుగగా ఎఱ్ఱబారినదని చెప్పెడి కత్తులకోనేరును కలదు.

కాని గండికోటకు కల్పిత దయ్యమును తెచ్చిపెట్టనక్కరలేదు. 1650లో మీర్ జుమ్లా పెమ్మసానివారి నుండి ఆ కోటను గెలుచుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆయనను అచ్చట కలిసికొని, తాను విన్నదానిని గ్రంథస్థము చేసెను. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగివిగ్రహములను తెప్పించి, కరగించి ఫిరంగులు పోయుమని ఒక ఫ్రెంచి పనివానికి ఒప్పగించెనట. తక్కినవన్నియు కరగినవి గాని, గండికోట గుడిలోని ఆరు విగ్రహములు మాత్రము ఎంత చేసినను కరగలేదట. పూజారులు మంత్రము వేసిరని అనుమానించి బెదరించిరట. అయినను ఫలితము లేకపోయెను. మంత్రమా, కొలిమి చాలలేదా, లేక పనివానికి మనసొప్పలేదా? ఇంతకంటె మంచి చిక్కుప్రశ్న భేతాళుడైనను వేయలేడు. దీనికి పునాది గాలిమాట కాదు, పదునేడవ శతాబ్దపు వ్రాత.

పులివెందుల ప్రాంతమున వేంపల్లెకు చేరువగ పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చు చోటు గండి. అచ్చటి ఆంజనేయుని రూపమును శ్రీరాముడు బాణపు మొనతో గీచెననియు, ఎడమచేతి చిటికెనవ్రేలు మాత్రము పూర్తిగాక నిలిచెననియు స్థలపురాణము. ఆ రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారుతోరణము కలదట. అందరికిని కనబడదు; పుణ్యాత్ములకు, అందును చావు దగ్గరపడినవారికి మాత్రమే కనబడునట. మద్రాసు గవర్నరు థామస్ మన్రో దానిని చూచెనని జనులు చెప్పుకొందురు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించెనన్నది చరిత్ర. దేశదేశముల దయ్యపు కథలలో కనబడునది బెదరించును. ఇచ్చట కనబడునది బంగారుతోరణము. అయినను చూచినవాని గుండె జల్లుమనును. చీకటిలో చూడగల కెమెరా గల ఆటకు ఇంతకంటె తగిన గురి ఉన్నదా?

ప్రొద్దుటూరిలో పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరము కలదు. కాశినుండి లింగము వచ్చుట ఆలస్యముకాగా శ్రీరాముడు ఇసుకతో లింగమును చేసి ప్రతిష్ఠించెనని కథ. ఏడాదిలో పెక్కునెలలు ఇసుకగనే కనబడు నదికి ఇసుకలింగమే తగినది. అటనుండి ఎఱ్ఱగుంట్ల వైపు పోయినచో కలమళ్ళ. ఆరవ శతాబ్దమున రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు వేయించిన ఆ ఊరి శాసనము తెలుగుభాషలో దొరికిన తొలి శాసనమని పండితులు చెప్పుదురు. అందలి అక్షరములు కొన్ని చెడిపోయినవి. పోయిన అక్షరము ఏదై యుండునని ఊహించుట పండితుల పని. పిల్లలకు అదియే ఆట కావచ్చును.

ఇట్టి చోట్లు మనవద్ద ఉన్నవని సంతోషించుటతో ఈ ప్రసంగము ముగియదు. పాతతీరములతోబాటు ఒక క్రొత్తతీరము గూడ మన జిల్లాకు ఏర్పడినది. గండికోటకు ఎగువన పెన్నపై కట్టిన జలాశయములో నీరు నిలుపగా ఊళ్ళు మునిగినవి. 2020లో నీటిమట్టము పెంచినపుడు, ప్రొద్దుటూరితో పేరు పంచుకొనిన తాళ్ళప్రొద్దుటూరు నీట కలిసినది. జనులు ఇండ్లు విడిచి పునరావాసపు కాలనీలకు తరలిరి. ఆ నీరు పొలములకు, పంపులకు కావలసిన నీరే. దాని విలువను మేము తక్కువ చేయుట లేదు. కాని డనిచ్ పట్టణము మునుగుటకు ఆరువందల ఏండ్లు పట్టినది. ఇచ్చట ఒక తరము కన్నుల యెదుటనే వీధులు మునిగినవి. గంటలు నీటి క్రింద మ్రోగుననెడి కథ ఇంకను పుట్టలేదు. ఆ గుడిగంట మ్రోత చెవులలోనున్నవారే ఇంకను ఉన్నారు.

ఇచ్చట ఎవరైన ఆట కట్టదలచినచో మొదటి నియమమేమి? దివిసీమకు చెప్పిన మాటయే దీనికిని వర్తించును. వేటాడవలసినది అచ్చటి మనుష్యుల దుఃఖమును కాదు. ఊరి పేరు మార్చుట మంచిది. శాక్స్టన్ అను కల్పితనామము వలన బోక్స్ కథకు స్వేచ్ఛయు, పోల్పెరోలోని ఇంటివారికి కొంత మరుగును లభించినవి. అయితే పేరు మార్చినను నడక మార్చరాదు. వీధి ఎటు తిరిగినదో, రచ్చబండ ఎక్కడ ఉండెడిదో, ఏ బావినీరు తీపిగ ఉండెడిదో ఆ ఊరివారు చూచి, "అవును, ఇది మాదే" అనగలుగవలెను.

రెండవ నియమము ఇంకను ముఖ్యమైనది. జేమ్స్ కథలోని యువకుని పాపము కుతూహలము కాదు, గునపము. రాయలసీమలో గుప్తనిధుల పిచ్చి నేటిది కాదు. లంకెబిందెలున్నవని ఎవడో చెప్పగా రాత్రికి రాత్రి నందిని పెకలించినవారు, గర్భగుడి పీఠము క్రింద గోయి తీసినవారు, బురుజు మొదలు త్రవ్వినవారు పలువురు. నిధి దొరికినదో లేదో గాని, వేయేండ్లు నిలిచిన రాయి ఒక్క రాత్రిలో ముక్కలగుచున్నది. 1878 నాటి చట్టము ప్రకారము పదిరూపాయల విలువ మించిన నిధి నేలలో దొరికినచో కలెక్టరునకు తెలుపవలెను. గండికోట వంటి రక్షిత కట్టడములలో త్రవ్వుటయే నేరము. ఇట్టిచోట, గండికోట పేరు చెప్పి, కత్తులకోనేటి అడుగున బిందెడు బంగారము దాగియున్నదని ఆట కట్టినచో ఏమగును? నూరుమంది ఆడి నవ్వుకొందురు. నూటయొకటవవాడు నిజముగనే గునపముతో వచ్చును. కావున నిజమైన చోటును వాడుకొను ఆటలో చివర దొరకవలసినది నిధి కాదు, సమాధానము. ఆరు విగ్రహములు ఏల కరగలేదు? ఓడ సరకు ఎవరిది? తోరణము చూచినదెవరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరికినపుడు దయ్యము శాంతించుననుట కథకును అందము, గుడికిని క్షేమము.

మా వలె పాతకథలపై మక్కువ గల యువకులు నేడు ప్రతి ఊరిలోను కంప్యూటరు నేర్చుచున్నారు. వారికి ముడిసరకు కొరత లేదు. మెకంజీ దొర పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళలో ఊరూర వ్రాయించిన కైఫియ్యతులలో కడప జిల్లావానిని కడపలోని సి. పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రము సంపుటములుగ అచ్చువేసినది. ఏ చెరువు ఎవరు త్రవ్వించిరో, ఏ దేవత ఎందుకు వెలసెనో, ఏ పాలెగాడు ఎట్లు కూలెనో అందు ఊరివారి మాటలలోనే దొరకును.

ఇక కైఫియ్యతులకెక్కని కథలు. అవి ఇండ్లలోని పెద్దల నోటనున్నవి. ఆ ఇంగ్లండు ఆటలో యువకుడు శబ్దములు పట్టు యంత్రమును చేతబట్టి చనిపోయినవారి గొంతుకై చీకటిలో తిరుగును. అట్టి యంత్రము నేడు ప్రతి ఇంట సెల్‌ఫోనులోనే ఉన్నది. చీకటిలో తిరుగనక్కరలేదు. మునిగిన ఊరినుండి వచ్చిన అవ్వ కాలనీ అరుగుమీద కూర్చుండియున్నది. ఆమె ఇంటి గుమ్మము ఏ దిక్కునకు ఉండెడిదో, గ్రామదేవతకు జాతర ఏ నెలలో జరిగెడిదో, చింతచెట్టు మీది దయ్యము పేరేమో అడుగుడు. ఆమె చెప్పునప్పుడే ఆ మాటలను పట్టి ఉంచుడు. రేపు ఆట కట్టువారు కట్టుదురు, కట్టకపోయినను నష్టము లేదు. ఆ ఊరు ఎట్లుండెడిదో చెప్పు గొంతు మిగులును.